అన్న చానల్‌లో నాన్న హార్మోనియం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. మా నాన్న హార్మోనిస్టు. ఉదయగిరి, పామూరు, కనిగిరి, కందుకూరు వైపు ఎక్కడ తిరునాళ్ల జరిగినా పౌరాణిక నాటకాలకు ఆయనే వాయించేవాడు. ఒంగోలులో ఉండే మా అన్న ఆ నాటకాల క్యాసెట్లు సంపాదించి, 2010లో యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా ఎక్కించాడు. అన్న పోయి మూడేళ్లయింది. రెండేళ్లు వాడని అకౌంట్లన్నీ గూగుల్ తీసేస్తుందని వాట్సాప్‌లో చదివాను. అప్పట్నించీ నాకు నిద్ర పట్టడం లేదు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. రీచార్జి చేయక అన్న నంబరు కూడా పోయింది. పైగా అన్న పంపిన లింకుల్లో కొన్ని నొక్కితే ‘ఇది ప్రైవేటు వీడియో’ అని వస్తోంది. అన్న పోయాక ఎవరు మార్చారో తెలీదు. ఇంట్లో పిల్లల ఫొటోలు కూడా ఆ అకౌంట్లోనే ఉన్నాయని వదిన అంటోంది. స్క్రీన్ రికార్డింగ్ చేసేద్దామని మా అబ్బాయి, డబ్బిస్తే అకౌంటు తెరిపిస్తానని కావలిలో ఒకాయన అంటున్నారు. నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. రోజూ అవే పెట్టించుకొని వింటాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు వాట్సాప్‌లో చదివినదాంట్లో సగం నిజం ఉందమ్మా. రెండేళ్లపాటు ఎవరూ సైన్ ఇన్ కాని, ఏ రకంగానూ వాడని సొంత అకౌంట్లను తీసేయవచ్చని గూగుల్ 2023 మే 16న ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి మొదలుపెడతామంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోకి వస్తాయి. స్కూళ్లు, కంపెనీలు ఇచ్చే అకౌంట్లకు ఈ నియమం లేదు. అయితే యూట్యూబ్ వీడియోలు ఉన్న అకౌంట్లను తీసేసే ఆలోచన ప్రస్తుతానికి లేదని కూడా గూగుల్ అప్పుడే చెప్పింది. వాట్సాప్‌లో తిరిగే మెసేజీల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు. కాబట్టి మీ అన్న చానల్ రేపో ఎల్లుండో మాయమైపోతుందన్న భయం పెట్టుకోకండి.

కానీ ‘ప్రస్తుతానికి’ అన్న మాట వాళ్లది. ఇవాళ లేని ఆలోచన రేపు రావచ్చు, అప్పుడు మనల్ని అడగరు. పైగా వదినగారు చెప్పిన ఫొటోల సంగతి వేరు. గూగుల్ ఫొటోస్‌లోకి రెండేళ్లపాటు వెళ్లకపోతే అందులోవి తీసేసే హక్కు గూగుల్ విడిగా అట్టిపెట్టుకుంది. అన్నగారు పోయి మూడేళ్లయిందంటే నేను ముందు భయపడేది నాటకాల గురించి కాదు, పిల్లల ఫొటోల గురించి.

ఇక ప్రైవేటు వీడియోల సంగతి. ఎవరూ మార్చలేదు. మీ అన్నగారి అకౌంట్లోకి ఎవరో దూరారని అనుమానపడాల్సిన పని కూడా లేదు. యూట్యూబ్‌లో అందరికీ కనబడేవి, లింకు ఉన్నవాళ్లకే కనబడేవి, ఎక్కించినవాళ్లకే కనబడేవి అని మూడు రకాలున్నాయి. రెండో రకాన్ని ‘అన్‌లిస్టెడ్’ అంటారు. 2017కు ముందు అన్‌లిస్టెడ్‌గా ఎక్కించిన పాత వీడియోలన్నిటినీ యూట్యూబ్ 2021 జూలై 23న తనంతట తానే ప్రైవేటు చేసేసింది. పాత లింకుల తీరు భద్రంగా లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. వద్దనుకునేవాళ్లు చెప్పండని ముందే మెయిల్ పెట్టారు కానీ అలాంటి మెయిల్ చదివేదెవరు? మీ అన్నగారు కొన్నిటిని ఇంటివాళ్ల వరకే అనుకొని అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి ఉంటారు. అంటే ఆయన ఉండగానే అవి మూతపడ్డాయి. అకౌంట్లోకి వెళ్లగలిగితే అవన్నీ అక్కడే ఉంటాయి. వెళ్లలేకపోతే మాత్రం మీరుగానీ నేనుగానీ వాటిని చూసే దారి లేదు.

అందుకే మొదటి పని వదినగారి దగ్గర. ఆ అకౌంట్లో ఆవిడ భర్త ఉత్తరాలు, సంసారం సంగతులు కూడా ఉంటాయి. నాటకాల కోసమైనా సరే, ఆవిడ సరే అన్నాకే, ఆవిడ పక్కన ఉండగానే తెరవండి. తర్వాత అన్నగారి పాత ఫోను ఎక్కడుందో అడగండి. బీరువాలోనో, పిల్లలు ఆటలాడే సామాన్లలోనో ఉంటుంది. పాడైందనుకున్న ఫోన్లు చాలావాటికి బ్యాటరీ మారిస్తే ప్రాణం వస్తుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయకండి, పాత సామాన్లవాడికి అసలే వేయకండి. ఇంటి వైఫై కలిపి యూట్యూబ్ తెరిస్తే, అకౌంటు లాగౌట్ కాకుండా అలాగే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆయన వాడిన ల్యాప్‌టాప్ ఉంటే అదీ చూడండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్ దాచి ఉండొచ్చు.

లాగౌట్ అయి ఉంటే ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ దారి పట్టాలి. అది కూడా ఆ ఫోనులోనో, ఆ ల్యాప్‌టాప్‌లోనో, ఒంగోలులో ఆ ఇంట్లోనే ప్రయత్నించండి. అలవాటైన పరికరం, అలవాటైన చోటు అయితే గూగుల్ కాస్త నమ్ముతుంది. కలిగిరిలో మీ అబ్బాయి కొత్త ఫోనులో ఎన్నిసార్లు కొట్టినా అంత ఫలితం ఉండదు. ఎక్కువసార్లు తప్పితే కొన్ని గంటలు ఆగమంటుంది, ఆగండి. పాస్‌వర్డ్ మర్చిపోతే వాడే రికవరీ మెయిల్‌గా వదినగారిదో ఇంకొకరిదో ఇచ్చి ఉంటారేమో, ఆ ఇన్‌బాక్సులు కూడా వెతకండి. గూగుల్ పంపే హెచ్చరికలు కూడా అక్కడికే వస్తాయి.

పోయిన నంబరు ఆశ వదిలేయండి. మన దేశంలో ఆగిపోయిన నంబరును 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మూడేళ్ల తర్వాత అది ఏ అనంతపురం కుర్రాడి చేతిలోనో ఉంటుంది. అతనికి ఫోన్ చేసి ‘ఓటీపీ వస్తే చెప్పు నాయనా’ అనొద్దు. మీరు ఎవరో అతనికి తెలీదు, అతను ఎవరో మీకు తెలీదు.

తలుపు తెరుచుకుందనుకుందాం. సంతోషంలో వీడియోలు చూస్తూ కూర్చోకండి. ముందు రికవరీ నంబరు, మెయిల్ వదినగారివి పెట్టండి. తర్వాత యూట్యూబ్ స్టూడియో సెట్టింగుల్లో ‘పర్మిషన్స్’ అని ఉంటుంది. అక్కడ ఆవిడనీ మిమ్మల్నీ మేనేజర్లుగా చేర్చండి. ఇక ముందు చానల్ చూసుకోడానికి అన్నగారి పాస్‌వర్డ్‌తో పనుండదు. అది అయ్యాక గూగుల్ టేకౌట్‌కు వెళ్లండి. మన సరుకంతా మూటకట్టి ఇమ్మని గూగుల్‌ను అడిగే చోటు అది. మొదట అన్ని టిక్కులూ తీసేసి యూట్యూబ్ ఒక్కటీ పెట్టండి. అందులోనూ చూసిన వీడియోల చరిత్ర లాంటివి వద్దు, వీడియోలు చాలు. ఫైలు సైజు మామూలుగా 2 జీబీ ఉంటుంది. దాన్ని 10 జీబీకి మారిస్తే ముక్కలు తగ్గుతాయి. మూట సిద్ధమయ్యాక లింకు మెయిల్‌కు వస్తుంది. వారం దాటితే ఆ లింకు పనిచేయదు కాబట్టి ఫైబర్ నెట్ ఉన్న ఇంట్లో కూర్చొని ఆ రోజే దించుకోండి. ప్రైవేటు వీడియోలు కూడా అందులో వస్తాయి. ఫొటోలకు రెండోసారి విడిగా పెట్టండి. స్టూడియోలో ఒక్కో వీడియో పక్కన కూడా డౌన్‌లోడ్ ఉంటుంది కానీ అది 720పీ (బొమ్మ ఎంత తేటగా ఉందో చెప్పే కొలత) దాటి ఇవ్వదు, పైగా ఒక్కొక్కటీ దించుకోవాలి. టేకౌటే మేలు.

టేకౌట్‌లో రానిది ఒకటుంది. చూసినవాళ్లు కింద రాసిన కామెంట్లు. మీరు పంపిన లింకుల్లో తెరుచుకున్నవి నేను చూశాను. ఒకదాని కింద పొదిలి వైపు మనిషి ఎవరో ‘ఈ అర్జునుడు మా చిన్నాయన’ అని పేరుతో సహా రాశారు. వీడియో పేరులో గానీ వివరంలో గానీ ఆ నటుడి పేరు లేదు. ఇంకో చోట ఇద్దరు ముగ్గురు అది ఏ ఊరి తిరునాళ్ల అని వాదించుకున్నారు. మీ నాన్నగారి నాటకాల చరిత్రలో సగం ఆ కామెంట్లలోనే ఉంది. కంప్యూటర్లో పేజీని చివరిదాకా జరిపి, ప్రింటు నొక్కి పీడీఎఫ్‌గా దాచుకోండి. దీనికి లాగిన్ అక్కర్లేదు. ఇది ఇవాళే చేయొచ్చు.

తలుపు తెరుచుకోకపోతే? చనిపోయినవారి అకౌంటు గురించి కుటుంబ సభ్యులు దరఖాస్తు పెట్టుకునే ఫారం గూగుల్‌కు ఉంది. మరణ ధ్రువపత్రం, పెట్టేవాళ్ల గుర్తింపు కార్డు అడుగుతారు. వదినగారి పేరుతోనే పెట్టించండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. లోపలి సమాచారం ఇవ్వాలా వద్దా అన్నది పరిశీలించి చెబుతారు. అది తొందరగా తెమిలే పని కాదు, ఇస్తారన్న హామీ లేదు. అయినా పెట్టి ఉంచడంలో నష్టం లేదు.

అందరికీ కనబడే వీడియోలను బయటి సాఫ్ట్‌వేర్లతో దించుకోవడానికి యూట్యూబ్ నిబంధనలు ఒప్పుకోవు. ఆ సంగతి దాచను. అలాగని వీడియో ఎక్కించిన మనిషి వారసులు తమ వీడియోకు ఒక కాపీ ఉంచుకోవడాన్ని నేను దొంగతనం అననూ అనను. ఏం చేయాలో వదినగారూ మీరూ నిర్ణయించుకోండి. స్క్రీన్ రికార్డింగ్ అన్నిటికన్నా ఆఖరు దారి. 2010 నాటి 240పీ బొమ్మను ఇప్పటి ఫోను తెర మీద రికార్డు చేస్తే ఫైలు బరువు పెరుగుతుంది గానీ బొమ్మ తేట పడదు. మధ్యలో గ్యాస్ బుకింగ్ మెసేజీ వస్తే అదీ కృష్ణుడి కిరీటం మీద రికార్డవుతుంది. ఇక యూట్యూబ్ యాప్‌లో కనబడే డౌన్‌లోడ్ బొత్తాన్ని నమ్ముకోకండి. దాంతో దించింది గ్యాలరీలోకి రాదు, ఆ యాప్‌లోనే ఉంటుంది. కొన్నాళ్లకోసారి నెట్ కలపకపోతే ఆగిపోతుంది. అసలు వీడియో యూట్యూబ్‌లో పోతే అదీ పోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ అకౌంటు తిప్పలు. నా దృష్టిలో అసలు పని వేరే ఉంది. అకౌంటు బతికితే వీడియో బతికినట్టే అని మీరు అనుకుంటున్నారు. మీ అన్నగారు ఎక్కించింది క్యాసెట్టుకు పలచబడ్డ నకలు మాత్రమే.

2010 జూలై దాకా మామూలు యూట్యూబ్ అకౌంటులో 10 నిమిషాలకు మించి ఎక్కనిచ్చేవారు కాదు. ఆ తర్వాత 15 చేశారు. రాత్రి తొమ్మిదికి మొదలై కోడి కూసేదాకా ఆడే నాటకాన్ని పది నిమిషాల చొప్పున కోస్తే ఏమవుతుందో మీ చానల్‌లో కనబడుతోంది. పార్ట్ 3 చివర కృష్ణుడు పద్యం ముగించి ఆలాపన ఎత్తుకుంటాడు. హార్మోనియం ఆయన వెంటే పైకి పోతూ ఉంటుంది. అక్కడ ఠక్కున తెగిపోతుంది. పార్ట్ 4 తెరిస్తే ఈలలు, ‘వన్స్‌మోర్’ అని అరుపులు. మధ్యలో ఆలాపన ఎంతసేపు సాగిందో, మీ నాన్నగారు దాన్ని ఎక్కడ దించారో యూట్యూబ్‌లో లేదు. అంత ఈల వేయించిన ముక్కే లేదు! అది క్యాసెట్లో ఉంటుంది.

ఆ క్యాసెట్లు ఎక్కడ? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. అన్నగారు ‘సంపాదించారు’ అన్నారు కాబట్టి ఎవరో ఇచ్చి ఉంటారు. నాటకం కాంట్రాక్టరో, తిరునాళ్ల తీసిన వీడియో షాపువాళ్లో, వేషం కట్టినవాళ్ల ఇంట్లోవాళ్లో. అన్నగారింట అటక మీద కూడా చూడండి. బొమ్మ మీద రంగులు కరిగి పక్కకు కారినట్టున్నాయి కాబట్టి మూలం వీసీఆర్‌లో పెట్టి చూసే వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్టే అయి ఉంటుంది. మధ్యలో దాన్ని వీసీడీ, అంటే వీడియో సీడీ, చేయించి ఉండొచ్చు. ఆ రోజుల్లో వీడియో షాపులవాళ్లు అదే ఇచ్చేవారు. ఒక్కో సీడీకి గంటంబావు పడుతుంది కాబట్టి ఒక నాటకానికి ఆరేడు సీడీలు ఉండాలి. రెండు దొరికి ఆగిపోకండి.

సీడీ దొరికితే పని తేలిక. డీవీడీ డ్రైవు ఉన్న కంప్యూటర్లో పెడితే ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందులో పెద్ద ఫైలు ఒకటో రెండో ఉంటాయి, చివర డీఏటీ అని ఉంటుంది. వాటిని అలాగే కాపీ చేసుకోండి, వీఎల్‌సీ ప్లేయరులో ఆడతాయి. షాపుకు ఇస్తే ‘ఎంపీ4 చేసిస్తాం’ అంటారు. చేయించుకోండి కానీ ఆ డీఏటీ ఫైలు కూడా తెచ్చుకోండి. మార్చిన ప్రతిసారీ బొమ్మ కొంత చెడుతుంది. సీడీ మురికిగా ఉంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే పడే గీత, సమాచారం రాసివున్న దారి వెంటే పడుతుంది.

క్యాసెట్టు దొరికితే మాత్రం తొందరపడకండి. దాని చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి పొడిలా, సాలెగూడులా కనబడితే బూజు. సముద్రం దగ్గరి గాలికి మన వైపు ఇది మామూలే. బూజున్న క్యాసెట్టును వీసీఆర్‌లో పెడితే టేపును చదివే హెడ్డు పాడవుతుంది, టేపూ నలుగుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకూ అంటుకుంటుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ, జపాన్ ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే, ఏటేటా తగ్గుతున్నాయి. యూట్యూబ్ గడువు కన్నా నన్ను ఎక్కువ తొందరపెట్టే గడువు ఇది. షాపులో ఇచ్చేటప్పుడు మీ అబ్బాయిని తోడు పంపండి. ‘మొదటి నుంచి చివరిదాకా, ఏమీ కత్తిరించకుండా, పైన పేర్లు, పాటలు అతికించకుండా’ అని గట్టిగా చెప్పమనండి. పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ పూలు రాల్చేస్తారు.

అంతకన్నా ముందు మీ నాన్నగారితో కూర్చోండి. ఇందులో వీడియోలో కనబడనిది ఎక్కువ. కెమెరా అంతా వేషాల మీదే ఉంది. పార్ట్ 6లో ఎడమ అంచున ఒక హార్మోనియం మూల, మెట్ల మీద పరుగెత్తే కుడి చెయ్యి కనిపిస్తాయి. ఆయన మొహం ఒక్క చోట కూడా పడలేదు. తెలియనివాడు చూస్తే వాయించింది మీ నాన్నగారని ఎలా తెలుస్తుంది? రోజూ ఎలాగూ వింటున్నారు కదా, ఆ పక్కన ఇంకో ఫోను రికార్డింగులో పెట్టండి. ఇది ఏ ఊరు, ఏ పండగ, కృష్ణుడెవరు, తబలా ఎవరిది, ఈ పద్యానికి ఏ రాగం పట్టారు, ఈ నటుడి శ్రుతి ఎంత, ఏ రాత్రి ఎవరు రాకపోతే ఎవరు వేషం కట్టారు. ఒక్క పూటలో అడిగేయకండి. అలసిపోతారు, అవునవునని తలూపేస్తారు. రోజుకో ముక్క చాలు. ఆయన ‘ఆ, వీడా!’ అని నవ్వితే ఆపకండి, అసలు సంగతి అక్కడే వస్తుంది. ఆ పేర్లన్నీ మామూలు తెలుగులో ఒక ఫైల్లో రాసి వీడియోల పక్కనే ఉంచండి. ఫైళ్ల పేర్లు కూడా ‘పార్ట్ 3’ అని కాకుండా ఏడాది, ఊరు, సీను వచ్చేలా పెట్టండి.

దాచుకోవడానికి రెండు హార్డ్ డిస్కులు కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఒంగోలులో వదినగారింట. రెండూ ఒకే బీరువాలో పెడితే ఒకటే ఉన్నట్టు లెక్క. పెన్‌డ్రైవులను నమ్మొద్దు. ఏడాదికి రెండు మూడుసార్లు తగిలించి, నాలుగు వీడియోలు ఆడుతున్నాయో లేదో చూడండి. బంధువులకు పంపాలంటే వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. వీడియోగా పంపితే నలిపేసి చిన్నది చేస్తుంది, డాక్యుమెంటుగా అయితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు పోతుంది.

మూడో కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడితే బాగుంటుంది. 1996లో మొదలైన, లాభాపేక్ష లేని సంస్థ అది. ఎక్కించడానికి డబ్బు తీసుకోదు. కానీ అది ఊరందరికీ కనబడే చోటు. మన కాపీరైట్ చట్టంలో వేదిక మీద ప్రదర్శించినవాళ్లకూ 50 ఏళ్ల హక్కు ఉంది. చట్టం సంగతి అటుంచినా, ఆ అర్జునుడి ఇంటివాళ్లను ఒక మాట అడిగి పెట్టడం మర్యాద. అడగడానికి వెళితే వాళ్లింట్లో ఇంకో క్యాసెట్టు దొరకనూవచ్చు.

మీ ఊరి గుడి కమిటీవాళ్లు ఈ మధ్య నాటకాలు ఫేస్‌బుక్ లైవ్‌లో పెడుతుంటే వాళ్లకూ ఓ మాట చెప్పండి. 2025 ఫిబ్రవరి 19 నుంచి ఫేస్‌బుక్ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి. ఆటైన మర్నాడే దించుకోవాలి.

మీ సొంత అకౌంటు సంగతి కూడా చూసుకోండి. గూగుల్ సెట్టింగుల్లో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అని ఉంది. మూడు నెలల నుంచి 18 నెలల దాకా ఎంత కాలం మీరు వాడకపోతే, ఎవరికి, ఏమేమి అందాలో ముందే రాసిపెట్టొచ్చు. పది మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. ఇది 2013 నుంచీ ఉంది కానీ మన ఇళ్లల్లో ఇలాంటి మాట ఎత్తితే అపశకునం అంటారు. మీరు మీ అబ్బాయి పేరు, వదినగారు తన పిల్లల పేర్లు పెట్టుకోండి, ఐదు నిమిషాల పని.

ఇక కావలి ఆయన. గూగుల్ లోపలికి వెళ్లే దొంగదారి ఆయన దగ్గర ఏమీ ఉండదు. ఆయన నొక్కేది కూడా మీరు నొక్కే ఆ ‘ఫర్‌గాట్ పాస్‌వర్డే’. మధ్యలో ఓటీపీ చెప్పమంటారు, వదినగారి ఆధార్ ఫొటో పంపమంటారు, ఆ అకౌంటుకు అన్నగారి బ్యాంకు మెయిళ్లు వస్తుండేవన్న సంగతి మీకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ డబ్బుతో రెండో హార్డ్ డిస్కు కొనుక్కోండి.